పలు బడుల విద్యార్థి: ఆంధ్రరత్న గోపాలకృష్ణయ్య

ఒక బడిలో నేర్చినదానిని వేరొక బడిలో నేర్చినదానితో ఎట్లు కలుపుకొనవలెను? ఇంటి చదువును, దొరల చదువును, ఊరి చదువును ఒక్క మనస్సులో పొసగించుట సాధ్యమా? నేటి ఉపాధ్యాయులను, తలిదండ్రులను కలవరపెట్టుచున్న ఈ ప్రశ్న నూరేండ్లకు పూర్వము చీరాలను తన కార్యక్షేత్రముగా చేసికొనిన ఒక మహనీయుని జీవితమంతయు వెన్నాడెను. ఆయనయే దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. చీరాల పేరాల పోరాటనాయకుడుగా ఆయనను ఎరుగనివారు అరుదు. ఆయన ఉపాధ్యాయుడనియు, ఆ పోరాటము వెనుక ఒక విద్యావిధానము కలదనియు ఎరిగినవారు మాత్రము కొలదిమంది.

గోపాలకృష్ణయ్యగారు 1889 జూన్ 2వ తేదీన కృష్ణామండలమునందలి పెనుగంచిప్రోలులో జన్మించిరి. పుట్టిన మూడవనాడే తల్లి గతించెను. మూడవయేట తండ్రియు గతించెను. పినతండ్రి, నాయనమ్మ ఆయనను పెంచిరి. గుంటూరులో పై చదువు సాగుచున్న దినములలో బడి పుస్తకములకంటె పాటలయందు, నాటకములయందు ఆయనకు మక్కువ హెచ్చు. పరీక్షలకై చదువుట ఒకటి, మనసార నేర్చుట వేరొకటి అను భేదము అప్పుడే ఆయనకు అనుభవమునకు వచ్చియుండవలెను. చదువు ముగిసినపిమ్మట బాపట్ల తాలూకా కచేరిలో ఒక యేడాది కొలువు చేసిరి. ఆ కాలమున సామాన్య గృహస్థుల పిల్లలకు ఆ కొలువు గొప్ప ఆధారము. ఆయనకు మాత్రము అది సరిపడలేదు.

మిత్రులు నడింపల్లి నరసింహారావుగారి తోడ్పాటుతో 1911లో ఆయన స్కాట్లండునకు వెళ్లి ఎడింబరో విశ్వవిద్యాలయమున చేరి ఎం.ఏ. పట్టమును పొందిరి. దూరదేశమునకు పోయి పట్టము తెచ్చుకొనినవారు అప్పటికే మనదేశమున పలువురు కలరు. కాని గోపాలకృష్ణయ్యగారు అచ్చట సంపాదించినది పట్టమొక్కటియే కాదు. సింహళమున జన్మించి భారతీయ శిల్పకళలను ప్రపంచమునకు తెలియజెప్పుచున్న ఆనంద కుమారస్వామిగారి మైత్రి ఆయనకు అచ్చట లభించెను. ఆ ఇరువురును కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లమున అనువదించిరి. ఆ గ్రంథము 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయమున అచ్చయ్యెను.

ఈ సంఘటనను విద్యార్థులు కొంత నిదానించి చూడవలెను. మూలము సంస్కృతము. దానిని చదువుటకు ఆధారమైనది తెలుగు లిపిలో అచ్చయిన ప్రతి. అనువాదభాష ఆంగ్లము. విషయము తల, కన్ను, మెడ, చేయి ఎట్లు కదలవలెనో చెప్పు నాట్యశాస్త్రము. ఆ అనువాదకులలో ఒకరు గుంటూరు నాటకశాలల రుచి మరగిన తెలుగు యువకుడు. పండితుని విద్య, నటుని విద్య, విశ్వవిద్యాలయపు విద్య అను మూడును ఒక్క పనిలో కలిసినవి. ఒక్కొక్కటి వేరువేరుగ నేర్చినను, ఒక పని పూనినప్పుడు అవి తమంతతామే ఒకదానికొకటి తోడైనవి.

స్వదేశమునకు వచ్చిన పిమ్మట ఆయన ఉపాధ్యాయవృత్తిని అవలంబించిరి. రాజమహేంద్రవరమున ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చు ప్రభుత్వ కళాశాలలో కొంతకాలము పనిచేసిరి. అచ్చటి కట్టుబాట్లు ఆయన స్వభావమునకు ఒదుగలేదు. పిదప మచిలీపట్టణమునందలి ఆంధ్ర జాతీయ కళాశాలకు వెళ్లిరి. కోపల్లె హనుమంతరావుగారు ప్రాణమువలె చూచుకొనిన ఆ సంస్థ 1910లో వెలసినది. ప్రభుత్వ పాఠక్రమమునకు లోబడక, అక్షరవిద్యతోపాటు చేతిపనులు నేర్పి, దేశభాషకు, దేశచరిత్రకు పెద్దపీట వేయుట దాని ఆశయము. గోపాలకృష్ణయ్యగారికి అంతకంటె తగిన చోటు వేరొకటి లేదని ఎవరైనను తలంతురు. కాని అచ్చటను అభిప్రాయభేదములు కలిగి ఆయన నిలువలేకపోయిరి.

రెండు విద్యాలయములను విడిచిన ఉపాధ్యాయుని చంచలుడనుట సులభము. ఆయన మాట పదునైనది. పైవారి ఆజ్ఞకు తలయొగ్గుట ఆయనకు చేతకాని పని. ఈ దోషములను కప్పిపుచ్చ నవసరము లేదు. కాని ఆయన వెదకిన బడి నాలుగు గోడల నడుమ దొరకునది కాదని కూడ గ్రహింపవలెను.

ఆ బడిని ఆయన చీరాలలో కట్టబూనిరి. ఆంధ్ర విద్యాపీఠగోష్ఠి అను సంస్థను అచ్చట నెలకొల్పిరి. ప్రాచీన సాహిత్యమును, పల్లెజనుల ఆటపాటలను సరిసమానముగ ఆదరించుట దాని లక్షణము. పల్లెలలో ఆడి పాడి పొట్టపోసికొను కళావంతులను చదువురానివారని త్రోసివేయు కాలమది. గోపాలకృష్ణయ్యగారు వారిని సైతము గురువులుగ ఎంచిరి. దానితోడనే రామదండు అను సేవాదళమును కూర్చిరి. కాషాయవస్త్రములు ధరించి, రుద్రాక్షలు దాల్చిన ఆ యువకులకు భక్తియు, క్రమశిక్షణయు, ప్రజాసేవయు వేరువేరు పాఠములు కావు. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో విజయవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు క్రిక్కిరిసిన జనసమూహమును అదుపులో నుంచి రామదండు మెప్పు పొందెను.

అప్పటికే చీరాలను ఒక పెద్ద చిక్కు చుట్టుకొనియుండెను. నేత పనికి పేరుపడిన చీరాలను, ప్రక్కనున్న పేరాలను కలిపి ప్రభుత్వము పురపాలక సంఘముగ మార్చెను. రెండు ఊళ్లలో కలిసి జనులు దాదాపు 15,000. పన్నులు మాత్రము ఒక్కసారిగ అనేక రెట్లు పెరిగినవి. మగ్గముపై బ్రదుకు నేతగానికి, చిన్న రైతునకు అది మోయరాని బరువు. పురపాలక సంఘమును రద్దుచేయుమని ప్రజలు మొరపెట్టుకొనిరి. విన్నవారు లేరు. పన్ను చెల్లింపమని నిలిచి కొందరు చెరసాలకు వెళ్లిరి. వారిలో రావూరి అలమేలమ్మగారు అను స్త్రీయు ఉండెను.

1921 ఏప్రిలు 6వ తేదీన గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చిరి. పన్నులు నిరాకరించి శాంతముగ శిక్షల ననుభవించుట ఒక మార్గమనియు, ఊరు విడిచి పురపాలక సంఘపు ఎల్లలకు ఆవల నివసించుట మరియొక మార్గమనియు సూచించిరి. ప్రజలు రెండవదానిని ఎన్నుకొనిరి. మండువేసవిలో, పసిపిల్లలతో, వృద్ధులతో, పశువులతో వేలాదిమంది ఇండ్లు విడిచి, ఎల్లలకు వెలుపల తాటాకులతో, వెదుళ్లతో పాకలు వేసికొనిరి. ఆ క్రొత్త ఊరికి రామనగరమని పేరు.

గోపాలకృష్ణయ్యగారి చదువులన్నియు కలిసి పనిచేసినది ఈ రామనగరముననే. అచ్చట అన్ని కులములకును ప్రాతినిధ్యము కల సభ ఏర్పడెను. తగవులు తీర్చుటకు పంచాయతీ వెలసెను. పాశ్చాత్యదేశమున ఆయన గమనించిన ప్రజాపాలన, మన పల్లెల పెద్దమనుష్యుల తీర్పు అచ్చట చేయి చేయి కలిపినవి. దినమెల్ల ఎండలో మాడిన ప్రజలకు సాయంకాలములందు భజనలు, ఆయన వాక్చాతుర్యము ఊరట నిచ్చినవి. పాట అచ్చట వినోదముకొరకు కాదు. నిలువ నీడలేని జనసమూహమును చెదరిపోకుండ పట్టియుంచుటకు. పాఠక్రమములో కలలకును, ఆటపాటలకును చోటెందుకని అడుగువారికి రామనగరమే సమాధానము.

ఆ నగరము పదునొకండు నెలలు నిలిచెను. సహాయధనము కూర్చుటకు బయలుదేరిన గోపాలకృష్ణయ్యగారు బరంపురమున ఉపన్యాస నిషేధాజ్ఞను ధిక్కరించుటచే నిర్బంధింపబడిరి. ఒక సంవత్సరము శిక్ష పడెను. తిరుచినాపల్లి చెరసాలలో ఆయన ఉండగా, వానలకు, రోగములకు, లేమికి తాళలేక ప్రజలు క్రమముగ పాత ఇండ్లకు మరలిరి. పురపాలక సంఘము నిలిచెను. పన్నులు చెల్లింపవలసి వచ్చెను.

ఇచ్చట ఒక లోటును ఒప్పుకొనవలెను. పలు విద్యలను తనలో కలుపుకొనిన ఆయన, తాను లేనప్పుడును ఆ కలయిక సాగునట్లు స్థిరమైన ఏర్పాటు చేయలేకపోయిరి. రామనగరమునకు గుండె ఆయన. ఆయన చెరసాలకు పోగానే గుండెబలము తగ్గెను. మంచి ఉపాధ్యాయుడు తన లేమిలో కూడ నడుచు తరగతిని తీర్చిదిద్దవలెను. ఆ పనికి కాలము ఆయనకు వ్యవధి నీయలేదు. విడుదలయైన పిమ్మట పేదరికము, క్షయవ్యాధి ఆయనను క్రుంగదీసినవి. 1928 జూన్ 10వ తేదీన, ముప్పదితొమ్మిదియేండ్ల ప్రాయమున, ఆంధ్రరత్న అస్తమించిరి. విజయవాడలోని ఆంధ్రరత్న భవనము ఆయన పేరును నేటికిని నిలుపుచున్నది.

పుస్తకముల పట్టికలను ప్రక్కప్రక్కన చేర్చినంతమాత్రమున విద్యలు కలియవు. వానిని కలుపునది ఒక పని. అభినయదర్పణపు అనువాదమున అట్టి పని ఆయనకు ఒకసారి దొరకెను. రామనగరమున మరల దొరకెను. నడుమ గడచిన యేండ్లలో ఆయన విడిచిన కొలువులు, విద్యాలయములు అన్నియు అట్టి పనికై చేసిన వెదకులాటలే.