రక్తహీనత - యల్లాప్రగడ సుబ్బారావుగారు

ముఖము పాలిపోయి, నాలుగు మెట్లెక్కగనే ఆయాసపడు ఇల్లాలిని చూచి, ఆడువారికది సహజమేయని సరిపెట్టుకొనుట మన గృహములలో చిరకాలముగ నున్న అలవాటు. అది సహజము కాదు, రోగము. పూర్వవైద్యులు పాండురోగమనియు, నేటివారు రక్తహీనతయనియు పిలుచు ఈ వ్యాధి కారణములలో నొకదానికి మందు సాధించిన మహనీయుడు భీమవరమున పుట్టిన ఆంధ్రుడు. ఆయన చరిత్రమును పాఠకులకు జ్ఞప్తిచేయుట మా విధియని తలంచుచున్నాము.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్ష వారికి మూడవమారు గాని గట్టెక్కలేదు. మదరాసు వైద్యకళాశాలలో చదువునపుడు గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించిరి. శస్త్రవైద్యము బోధించు దొరకది గిట్టలేదు. ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే వారికి దక్కెను.

ఇంతలో ఇంటిపై పిడుగు పడెను. వారి సోదరులిరువురు స్వల్పకాలములో స్ప్రూ అను వ్యాధిచే మరణించిరి. ప్రేగులు ఆహారసారమును గ్రహింపజాలక, విరేచనములచే దేహము శుష్కించి, రక్తము క్షీణించు రోగమిది. మన గ్రహణికి దగ్గఱిది. సుబ్బారావుగారును దీని వాతబడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే బ్రదికి బయటపడిరి.

పిమ్మట బోస్టను నగరము చేరి, ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేయుచు హార్వర్డులో చదివిరి. రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కేతో కలసి 1925లో ప్రకటించి శాస్త్రలోకమున పేరు గాంచిరి. 1940లో లెడర్లె ప్రయోగశాలలో ప్రవేశించిరి.

రక్తమునందలి ఎఱ్ఱకణముల ఆయుర్దాయము సుమారు 120 దినములు. కావున ఎముకలలోని మజ్జ అనుదినము క్రొత్తకణములను పుట్టింపవలెను. ఇనుము కొఱవడిన కణములు చిన్నవై వెలవెలబోవును. ఫోలిక్ ఆమ్లము గాని, బి12 విటమిను గాని కొఱవడిన, కణములు సరిగ విభజనము చెందక పెద్దవియు కొద్దివియు నగును. ఎట్లయినను దేహమునకు ప్రాణవాయువు చాలదు.

లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు బొంబాయి గర్భిణులలో ఈ పెద్దకణముల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారముచే అది నయమగునని 1931లో వెల్లడించెను. అందలి గుణమేదో అప్పుడు తెలియలేదు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూరనుండి ఒక పదార్థమును వేఱుపఱచి, ఆకునకు గల లాటిను పేరునుబట్టి ఫోలిక్ ఆమ్లమనిరి. ఆకులనుండి లభించునది అత్యల్పము, రోగులకు చాలదు. సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లె శాస్త్రజ్ఞులు 1945లో దానిని కృత్రిమముగ తయారుచేసిరి. వైద్యులు దానిని స్ప్రూ రోగులకిచ్చి గుణము గాంచిరి. సోదరులను మ్రింగిన రోగమునకు మందు ఆ సోదరుని శ్రమవలననే లభించినది. అమెరికా పౌరసత్వము స్వీకరింపకయే 1948 ఆగస్టులో, 53వ యేట, వారు న్యూయార్కులో కన్నుమూసిరి.

మందు వచ్చి 75 ఏండ్లు దాటినది, రోగము పోలేదు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మనదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులని తేలినది. కాన్పునాటి రక్తస్రావమునకు ఇట్టివారు తాళజాలరు; బిడ్డలు తక్కువ బరువుతో పుట్టుదురు. గర్భారంభమున ఫోలిక్ ఆమ్లము చాలనిచో శిశువు వెన్నుపాము చెడవచ్చును.

గృహస్థులకు మా మనవి యిది. అందఱు తిన్నపిదప మిగిలినది ఆడువారికను ఆచారము మానుడు. ఆకుకూరలు ఉడికిన నీటిని పాఱబోయకుడు. ఫోలిక్ ఆమ్లము ఆ నీటిలోనే పోవును. పొలమున వట్టికాళ్లతో నడచు కూలీల పాదములగుండ కొంకిపురుగులు చొచ్చి ప్రేగులలో రక్తము పీల్చును. వారికి చెప్పులు, మఱుగుదొడ్లు సమకూర్చుట భూస్వాముల ధర్మము. ముఖము పాలిపోయినవారికి మొదట రక్తపరీక్ష చేయింపుడు. బి12 లోపమున్నవారికి ఫోలిక్ ఆమ్లము మాత్రమే యిచ్చిన, రక్తము బాగుపడినట్లు కనబడినను నరములు చెడుచునేయుండును. గర్భిణులకు ప్రభుత్వమిచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రలు అలమరలో మిగిలిపోవుచున్నంతకాలము సుబ్బారావుగారికి మనము కట్టు విగ్రహములు, వ్రాయు సంపాదకీయములు నిష్ప్రయోజనములే.