జోడేఘాట్‌కు వచ్చినవాళ్ళకు మనం చెప్పాల్సిన భీం కథ

కెరమెరి దాటి గుట్టలెక్కి జోడేఘాట్ చేరినవాళ్ళు ముందు విగ్రహం దగ్గర ఫోటో దిగుతారు. తర్వాత 2016లో తెరిచిన గిరిజన మ్యూజియంలోకి వెళ్తారు. బయటికొచ్చాక మన పిల్లలు కనబడితే, అసలు ఈయన ఎందుకు పోరాడాడని అడుగుతారు. అందుకే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ నాలుగు మాటలు.

మొదట పేరు. కుమ్రం మన గోండుల ఇంటిపేరు. బయటివాళ్ళ నోట అది కొమరం, కొమురం అయింది. అడిగినవాళ్ళకు సరిగ్గా పలికి వినిపిద్దాం.

భీం 1901లో ఆసిఫాబాద్ దగ్గరి సంకేపల్లిలో పుట్టాడని చెబుతారు. చిన్నతనంలోనే తండ్రి చిన్ను పోయాడు. కుటుంబం సుర్దాపూర్ చేరి అడవి కొట్టి చేను చేసుకుంది. పంట చేతికొచ్చే వేళకు సిద్ధిఖ్ అనే ఆసామి ఆ భూమి తనదన్నాడు. గొడవలో భీం దెబ్బకు అతను చనిపోయాడు. భీం ఊరు విడిచాడు. చాందా వైపు వెళ్ళి, అక్కణ్ణించి అస్సాం తేయాకు తోటల దాకా పోయాడని, ఆ తిరుగుడులోనే చదవడం, రాయడం నేర్చాడని మన పెద్దల మాట.

ఈ చదువు సంగతి చాలామంది వదిలేస్తారు. మనం వదలకూడదు. నిజాం సర్కారు అడవికి హద్దులు వేసి రిజర్వు చేశాక తాతల నాటి పోడు నేరమైంది. పశువుల మేతకు పన్ను, కట్టెకు పన్ను. పట్టాలేమో కాగితం చదవగలిగిన బయటివాళ్ళ పేర్ల మీద. మనవాళ్ళకు దున్నడం తెలుసు గానీ కచేరీ కాగితం తెలియదు. భీంకు తెలుసు. బాబేఝరి, జోడేఘాట్ చుట్టుపక్కల 12 ఊళ్ళ గోండులు, కోలాముల తరఫున ఆయన ముందు అర్జీలు పట్టుకునే తిరిగాడు. నిజాంకు మొర చెప్పుకోవడానికి హైదరాబాద్ దాకా పోయినా దర్శనం దొరకలేదని చెబుతారు. తుపాకీ ఆ తర్వాతది. వచ్చినవాళ్ళు తుపాకీ ఒక్కటే గుర్తుపెట్టుకుని పోతున్నారని మా బాధ.

1940లో పోలీసులు గుట్టెక్కారు. భీం, ఆయన వెంట ఉన్నవాళ్ళు కొందరు అక్కడే నేలకొరిగారు. తేదీ గురించి తలా ఒక మాట రాశారు. మనం మాత్రం ఆశ్వయుజ పౌర్ణమినే పాటిస్తాం.

గోండులకు ఏం కష్టమొచ్చిందో తెలుసుకోవాలని సర్కారుకు అప్పుడు తోచింది. హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టాడు. ఆ ఊళ్ళోనే గోండీలో చదువు చెప్పే పంతుళ్ళకు శిక్షణ మొదలైంది. చాలా కుటుంబాలకు పట్టాలు వచ్చాయి. భీం అర్జీలో అడిగింది ఆయన పోయాక కొంతైనా దక్కింది.

వచ్చే పౌర్ణమికి జోడేఘాట్ వచ్చే ముందు ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి, మన చేను పట్టా ఏ ఏట వచ్చింది, ఎవరి పేర వచ్చింది అని. మ్యూజియం చూసి వచ్చినవాళ్ళు మిమ్మల్ని అడిగినప్పుడు అక్కణ్ణించే మొదలుపెట్టొచ్చు.