రెల్లు గడ్డి విలువ తెలిసిన జానకి అమ్మాళ్

ఈసారి నేను ఒక శాస్త్రవేత్త గురించి రాస్తున్నాను.

వాగు ఒడ్డున తెల్లగా పూసే రెల్లు గడ్డి మనందరికీ తెలుసు. దానికీ చెరకుకీ చుట్టరికం ఉందని నాకు తెలీదు. జానకి అమ్మాళ్ గురించి చదివాకే తెలిసింది.

ఆమె 1897 నవంబరు 4న కేరళలోని తలశ్శేరిలో పుట్టారు. వాళ్ళ కులాన్ని అప్పట్లో తక్కువగా చూసేవాళ్ళు. ఆమె పెళ్ళి చేసుకోకుండా చదువే ఎంచుకున్నారు. మద్రాసులో చదివి, అమెరికా వెళ్ళి 1931లో డాక్టరేట్ తెచ్చుకున్నారు. తర్వాత కోయంబత్తూరులోని చెరకు పరిశోధన కేంద్రంలో చేరారు. లావుగా తియ్యగా ఉండే పైదేశం చెరకు మన వాతావరణానికి సరిగా తట్టుకోదు. రెల్లుకు తీపి లేదు గాని బలం ఉంది. రెండూ కలిపితే తీపీ బలమూ ఉన్న చెరకు వస్తుంది. ఆ పని ఆమె రాకముందే మొదలైంది. ఆమె రెల్లు రకాలను, వాటి క్రోమోజోములను బాగా పరిశోధించారు. ఎవరూ నాటని గడ్డి రైతుకి అన్నం పెట్టింది.

తర్వాత ఇంగ్లండులో పనిచేశారు. 1945లో పంట మొక్కల క్రోమోజోముల మీద ఇంకొక శాస్త్రవేత్తతో కలిసి పుస్తకం రాశారు. నెహ్రూ గారు పిలిస్తే 1951లో మన దేశానికి తిరిగొచ్చారు. ఆదివాసులు ఏ మొక్క తింటారు, ఏది మందుగా వాడతారు అనే పరిశోధనను భారత వృక్ష సర్వే సంస్థలో 1954లో మొదలుపెట్టింది ఆమే. 1977లో పద్మశ్రీ వచ్చింది. ఎనభై ఏళ్ళు దాటినా కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవి డ్యాములో మునగకూడదని పోరాడినవాళ్ళలో ఉన్నారు. 1984 ఫిబ్రవరి 7న చనిపోయారు. అదే ఏడాది నవంబరులో ఆ అడవి జాతీయ పార్కు అయింది. ఆమె చూడలేదు.

ఇది చదివి నాకు సిగ్గేసింది. పోయిన ఏడాది మా అమ్మమ్మ హాస్టలుకి అడవి దుంపలు తెచ్చింది. కొందరు నవ్వారు. నేను పెట్టె వెనక దాచేశాను. అవి కుళ్ళిపోయాయి. అమ్మమ్మ దుంప తవ్వితే తల ముక్క మళ్ళీ మట్టిలో పెట్టి వస్తుంది, వచ్చే ఏడు తీగ రావాలని. ఆమెకు చదువు రాదు. కానీ ఈ సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలీదు. ఇప్పుడు మా కొండ మీద ఆ తీగలు తగ్గిపోయాయి.

అందుకే సెలవుల్లో అమ్మమ్మను అడిగి మొక్కల పేర్లు, వాడే విధం నోటుబుక్కులో రాస్తాను. మీరూ మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. ఒక్కొక్కరు ఒక దుంప తలో, గింజలో తెండి. కుళాయి నీళ్ళు పోయే చోట నాటుదాం. వార్డెన్ మేడమ్, మాకు ఆ కొంచెం జాగా ఇవ్వండి.

ఈసారి అమ్మమ్మ దుంపలు తెస్తే దాచను. అందరికీ పంచుతాను.

– 9వ తరగతి విద్యార్థిని