కాలిన్ చాప్‌మన్: గాలి బరువును నమ్ముకున్న యంత్రనిర్మాత

విమానానికి రెక్కలెందుకో పాఠశాల విద్యార్థి సైతం చెప్పగలడు. కారుకు రెక్కలెందుకని అడిగితే మాత్రం చదువుకున్నవారు కూడ ఒక నిమిషం ఆలోచిస్తారు. పందెపు కార్ల ముందుభాగాన, వెనుకభాగాన కనిపించే ఆ పలకలు అలంకారం కొరకు అమర్చినవి కావు. విమానపు రెక్కను తలక్రిందులు చేసి బిగిస్తే అది వాహనాన్ని పైకి లేపుటకు బదులు నేలకు అదుముతుంది. ఈ సూత్రాన్ని ఆశ్రయించి పందెపు కారు రూపురేఖలనే మార్చివేసిన వారిలో ఆంగ్లేయుడైన కాలిన్ చాప్‌మన్ ముఖ్యుడు. అతని విజయాలు గొప్పవి. ఆ విజయాలకు చెల్లించిన మూల్యం కూడ తక్కువది కాదు. రెండింటినీ ఈ వ్యాసంలో పాఠకుల ముందుంచదలచాము.

ఆంథొనీ కాలిన్ బ్రూస్ చాప్‌మన్ 1928 మే 19వ తేదీన ఇంగ్లండులోని రిచ్‌మండ్‌లో జన్మించినాడు. విచిత్రమేమనగా, సరిగ్గా నాలుగు దినాల తరువాత బెర్లిన్ నగర సమీపానగల ఆవుస్ మార్గంలో ఫ్రిట్జ్ ఫాన్ ఓపెల్ అనే సాహసి రాకెట్లు అమర్చిన కారును గంటకు సుమారు 230 కిలోమీటర్ల వేగంతో నడిపినాడు. ఆ కారు నేలవిడిచి లేవకుండ దానికి ఇరువైపుల, గాలి క్రిందికి నొక్కే విధంగా వాల్చిన రెక్కలు బిగించినారు. చూచినవారు అబ్బురపడినారు గాని, ఆ రెక్కల ప్రయోజనాన్ని మోటారు ప్రపంచం గ్రహించుటకు మరి నలభై సంవత్సరాలు పట్టినది.

చాప్‌మన్ తండ్రి ఉత్తర లండన్‌లో ఒక హోటలు నడిపేవాడు. కుమారుడు లండన్ యూనివర్సిటీ కాలేజీలో కట్టడాల ఇంజనీరింగు అభ్యసించినాడు. చదివే రోజులలోనే విశ్వవిద్యాలయ వైమానిక దళంలో చేరి విమానం నడుపుట నేర్చినాడు. కట్టడాల శాస్త్రం బరువును ఎట్లా మోయాలో నేర్పినది. విమానం గాలితో ఎట్లా మెలగాలో నేర్పినది. ఈ రెండు విద్యలూ అతని జీవితాంతం తోడునిలిచినవి. 1948లో పాత ఆస్టిన్ సెవెన్ కారొకటి తీసుకొని, తన స్నేహితురాలు హేజెల్ విలియమ్స్ తల్లిదండ్రుల ఇంటివెనుక గల గారేజీలో దానిని పందెపు కారుగా మార్చినాడు. 1952లో హేజెల్ ఇచ్చిన 25 పౌన్లు పెట్టుబడిగా లోటస్ ఇంజనీరింగు సంస్థ వెలసినది. 1954లో వారిరువురికి వివాహమైనది.

తేలికదనమే చాప్‌మన్ సిద్ధాంతం. ఇంజను శక్తిని పెంచితే కారు తిన్నని మార్గంలో మాత్రమే వేగం పుంజుకొంటుంది. బరువును తగ్గిస్తే మలుపులలోనూ, బ్రేకు వేయునప్పుడూ, అంతటా మేలు కలుగుతుంది. ఒక భాగం రెండు పనులు చేయగలిగినప్పుడు రెండు భాగాలెందుకని అతడు తర్కించేవాడు. 1962లో వచ్చిన లోటస్ 25లో ప్రత్యేకమైన చట్రం లేదు. విమానపు దేహం వలె రేకుతొడుగే బరువు మోసినది. 1967 నాటి లోటస్ 49లో ఇంజనే చట్రంలో భాగమై వెనుక చక్రాల భారం భరించినది. స్కాట్లండు వీరుడు జిమ్ క్లార్క్ లోటస్ కార్లతో 1963, 1965 సంవత్సరాలలో ప్రపంచ విజేత అయినాడు.

అయితే తేలికదనానికి ఒక హద్దు ఉన్నది. టైరుకు రోడ్డుతో గల పట్టు దానిని నేలకు అదిమే భారాన్నిబట్టి ఉంటుంది. బరువు పెంచితే పట్టు పెరుగుతుంది. కాని ద్రవ్యరాశి కూడ పెరిగినందున మలుపులో కారును లోపలికి తిప్పుటకు కావలసిన బలమూ అంతే పెరుగుతుంది. లాభనష్టాలు సరిసమానమై వేగం ఉన్నచోటనే ఉంటుంది. బరువు లేకుండ భారం కలిగించగలది ఒక్క గాలియే.

ఒక చిన్న లెక్క ద్వారా దీనిని వివరిస్తాము. 600 కిలోల కారు 100 మీటర్ల వ్యాసార్ధం గల మలుపు తిరుగుతున్నదనుకొందాము. టైరు పట్టు దానిపైగల భారానికి సమానమైతే, ఆ కారు జారకుండ తిరుగగల గరిష్ఠవేగం గంటకు సుమారు 113 కిలోమీటర్లు. ఇప్పుడు గాలి మరొక 600 కిలోల బరువుకు సమానమైన ఒత్తిడితో దానిని నేలకు అదిమినదనుకొందాము. ద్రవ్యరాశి మారలేదు, పట్టు రెట్టింపైనది. గరిష్ఠవేగం సుమారు 159 కిలోమీటర్లకు చేరుతుంది. నిజమైన టైరులో పట్టు భారంతోపాటు సరిగ్గా అదే నిష్పత్తిలో పెరగదు, కొంత తగ్గుతుంది. అయినప్పటికీ లాభం అపారం.

కాని గాలి యిచ్చే ఈ బలం స్థిరమైనది కాదు. అది వేగవర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం సగమైతే బలం నాలుగవ వంతే మిగులుతుంది. రెక్క విరిగిన క్షణాన అది పూర్తిగా మాయమవుతుంది; 159 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్న కారు 113కు మాత్రమే అర్హమైన కారుగా మారిపోతుంది. పైగా ముందుచక్రాలపై, వెనుకచక్రాలపై పడే భారం తులతూగవలెను. ముందు తగ్గితే కారు మలుపు తిరుగక తిన్నగా పోతుంది. వెనుక తగ్గితే గిర్రున తిరిగిపోతుంది. చాప్‌మన్ తరువాతి జీవితమంతా ఈ లాభానికి, ఈ అపాయానికి నడుమ సాగిన కథయే.

అతనికి పూర్వం దారిచూపినవారు లేకపోలేదు. 1956లో మైకేల్ మే అనే స్విస్ యువ ఇంజనీరు పోర్షె కారుపై పెద్ద రెక్క నిలిపి నూర్‌బర్గ్‌రింగ్ పందేనికి తీసుకొనిరాగా అధికారులు అనుమతించలేదు. 1966లో అమెరికాలో జిమ్ హాల్ తన చాపరల్ కారుపై ఎత్తైన రెక్కను నిలిపినాడు. 1968 ఏప్రిల్ 7న జిమ్ క్లార్క్ హోకెన్‌హైమ్ పందెంలో మరణించుటతో చాప్‌మన్ క్రుంగిపోయినాడు. ఆ దుఃఖం ఆరకముందే మే నెలలో మొనాకోలో గ్రాహమ్ హిల్ నడిపిన లోటస్ 49బి కారుకు ముక్కువద్ద చిన్న రెక్కలు, పైకి వాలిన తోకభాగం కనిపించినవి. మరుసటి నెల బెల్జియంలో ఫెరారీ, బ్రాభమ్ సంస్థలు వెనుక రెక్కలు నిలిపినవి. వెంటనే చాప్‌మన్ మరింత ఎత్తుకు పోయి, సన్నని కడ్డీలపై రెక్కను నిలిపి, ఆ కడ్డీలను నేరుగా చక్రాల ఆధారాలకు బిగించినాడు. గాలి ఒత్తిడి స్ప్రింగులను కుంగదీయకుండ సూటిగా టైర్లకు చేరవలెనని అతని ఉద్దేశం. సిద్ధాంతరీత్యా ఆలోచన నిర్దుష్టమైనది. ఆ యేడు గ్రాహమ్ హిల్ ప్రపంచ విజేత అయినాడు.

1969 మే 4న స్పెయిన్‌లోని బార్సిలోనాలో, మోంజుయిక్ కొండమార్గంపై జరిగిన పందెంలో ఆ కడ్డీల సన్నదనం బయటపడినది. రోడ్డు ఉబ్బుగా లేచి దిగే ఒకచోట హిల్ కారు రెక్క కూలి, కారు ఇనుపకంచెకు గుద్దుకొన్నది. తరువాత కొన్ని చుట్లకే, అగ్రస్థానంలో ఉన్న యోహెన్ రింట్ కారు రెక్క కూడ అదేచోట కూలినది. అతని కారు హిల్ కారు శిథిలాలనే ఢీకొన్నది. హిల్ క్షేమంగా బయటపడినాడు. రింట్ ముఖానికి గాయాలైనవి. రెక్కలు మానవప్రాణాలకు ముప్పని రింట్ బహిరంగంగా లేఖ వ్రాసినాడు. అదే నెల మొనాకోలో తొలినాటి సాధన ముగియగానే అధికారులు రెక్కలను నిషేధించినారు. పిమ్మట ఎత్తు తగ్గించి, కదలకుండ కారు దేహానికే బిగించవలెననే నియమంతో తిరిగి అనుమతించినారు. నేటికీ పందెపు కార్ల రెక్కలు దేహానికే అంటిపెట్టుకొని ఉండుటకు మూలం ఇదియే.

1970లో చాప్‌మన్ లోటస్ 72 కారును తెచ్చినాడు. మేకు మొన వలె ముందు సన్నగా, వెనుక వెడల్పుగా ఉండి, దేహం యావత్తు గాలిని ఉపయోగించుకొన్న కారది. రింట్ దానితో వరుసగా నాలుగు పందేలు గెలిచినాడు. సెప్టెంబరు 5న ఇటలీలోని మోంజాలో సాధన జరుగుచుండెను. అది నిడుపైన తిన్నని దారులు గల మార్గం. రెక్క పట్టునిస్తుంది గాని గాలి నిరోధాన్ని కూడ పెంచి వేగాన్ని తగ్గిస్తుంది. అందువలన రెక్కలు తొలగించి నడుపుటకు నిశ్చయించినారు. రెక్కలు లేని ఆ కారు తిన్నగా నిలకడగా సాగుటలేదని సహచర చోదకుడు జాన్ మైల్స్ చెప్పియున్నాడు. చివరి మలుపువద్ద బ్రేకు వేసినప్పుడు ముందు కుడిచక్రపు బ్రేకు ఇరుసు విరిగి, రింట్ కారు కంచెను తాకినది. అతడు మరణించినాడు. అప్పటికే గడించిన 45 పాయింట్లను ఎవరూ దాటలేనందున, మరణానంతరం ప్రపంచ విజేత అయిన ఏకైక చోదకుడుగా అతని పేరు నిలిచిపోయినది. రెక్కలను ద్వేషించిన మనిషి రెక్కలు లేని కారులో మరణించినాడు. అయితే ఆ విషాదానికి మూలం రెక్కలలో కంటె విరిగిన ఆ ఇరుసులోనే ఉన్నదని మా అభిప్రాయం. ఒక భాగాన్ని ఎంతవరకు తేలిక చేయవచ్చుననే ప్రశ్న ఆనాడు చాప్‌మన్ ఎదుట నిలిచినది.

లోటస్ 72 తోనే 1972లో బ్రెజిల్ యువకుడు ఎమర్సన్ ఫిట్టిపాల్డి విజేత అయినాడు. పిదప సంస్థ వెనుకబడినది. 1975లో చాప్‌మన్ తన అనుచరులకు సుదీర్ఘమైన పత్రం వ్రాసి, కారును మొదటినుండి క్రొత్తగా ఆలోచించమన్నాడు. లండన్ ఇంపీరియల్ కాలేజీ వాయుసొరంగంలో పీటర్ రైట్ నమూనాను పరీక్షించుచుండగా ఒక వింత కనిపించినది. గాలివేగం హెచ్చినకొలది నమూనా పక్కభాగాలు క్రిందికి వంగుచున్నవి. నేలకు, వాటికి మధ్య సందు సన్నగిల్లినకొలది క్రిందికి లాగే బలం మరింత పెరుగుచున్నది. పక్కల అట్టముక్కలు అతికించి సందు మూసి చూడగా బలం ఇంకను హెచ్చినది.

దీని రహస్యం కాలేజీ విద్యార్థులు చదివే బెర్నూలీ సూత్రమే. వెడల్పైన ద్వారం నుండి ప్రవేశించిన గాలి, కారు అడుగున సన్నని సందు గుండా పోవలసివచ్చినప్పుడు వేగం పుంజుకొంటుంది. వేగం పెరిగినచోట పీడనం తగ్గుతుంది. పైన గాలి పీడనం యథాతథంగా ఉన్నందున కారు నేలకు అదుమబడుతుంది. పక్కలనుండి గాలి చొరబడకుండ నేలను రాసుకొనే అంచుపలకలు అమర్చినారు. రెక్కలతో పోలిస్తే ఇందులో గాలి నిరోధం చాల తక్కువ. కారు మొత్తమే ఒక తలక్రిందులు రెక్క అయినది. 1977లో లోటస్ 78, 1978లో లోటస్ 79 ఈ పద్ధతిలో వచ్చినవి. 1978లో లోటస్ ఎనిమిది పందేలు గెలిచినది. మేరియో ఆండ్రెట్టి విశ్వవిజేత అయినాడు.

ఆ విజయం కూడ కన్నీటితోనే ముగిసినది. సెప్టెంబరు 10న మోంజాలో పందెం ఆరంభమైన కొద్ది క్షణాలకే పలు కార్లు ఢీకొన్నవి. పాత నమూనాయగు లోటస్ 78ను నడుపుచున్న స్వీడన్ వీరుడు రోనీ పీటర్సన్ కాళ్ళు నుజ్జయి, మరునాడు ఆసుపత్రిలో కన్నుమూసినాడు. ఆండ్రెట్టికి విజేత పదవి దక్కినది ఆ మోంజాలోనే.

మరుసటి సంవత్సరం లోటస్ 80తో చాప్‌మన్ మరింత దూరం పోవ యత్నించినాడు. కాని గాలి ఎదురుతిరిగినది. కారు క్రిందికి దిగినకొలది లాగుడు పెరిగి, సందు మరీ సన్నమై గాలి ప్రవాహం చెదిరేది; వెంటనే బలం తగ్గి కారు లేచేది; మళ్ళీ దిగేది. ఈ ఊగిసలాట చోదకుని హడలగొట్టినది. ఇతర సంస్థలు అదే విద్యను మరింత నిబ్బరంగా అమలుపరచి ముందుకు పోయినవి. మలుపులో అంచుపలక ఒకటి ఇరుక్కొంటే పట్టు ఒక్కసారిగా పోవుట అందరికీ భయకారణమైనది. 1981లో జారే అంచుపలకలు నిషేధింపబడినవి. చాప్‌మన్ ఒకే కారులో రెండు దేహాలు గల లోటస్ 88ను నిర్మించినాడు: పై దేహం గాలి భారాన్ని చక్రాలకు అందిస్తుంది, లోని దేహం మెత్తని స్ప్రింగులపై చోదకుని మోస్తుంది. పదమూడేళ్ళ క్రితం నాటి ఆలోచనయే నూతన రూపం దాల్చినదన్నమాట. అధికారులు దానిని పందేలకు అనుమతించలేదు.

1982 ఆగస్టులో ఆస్ట్రియాలో ఎలియో డి ఆంజెలిస్ గెలిచినప్పుడు, చాప్‌మన్ తన అలవాటు ప్రకారం టోపీని గాలిలోకి ఎగురవేసినాడు. అదే చివరిసారి. డిసెంబరు 16న గుండెపోటుతో 54వ యేట మరణించినాడు. ఆ దినమే అతని సంస్థ, కారు ఎత్తును యంత్రమే సర్దుకొనే నూతన సస్పెన్షన్‌ను మొదటిసారి పరీక్షించుచుండెను. 1983 నుండి కార్ల అడుగుభాగం చదునుగా ఉండవలెనని నియమం వచ్చినది. ఉత్తర ఐర్లండులోని డెలోరియన్ కార్ల సంస్థకు చెందిన ధనం మాయమైన వ్యవహారంలో, 1992లో లోటస్ మాజీ ఆర్థికాధికారికి మూడేళ్ళ జైలుశిక్ష పడినది. చాప్‌మన్ జీవించియుంటే అతడు కూడ బోనులో నిలువవలసియుండెడివాడని న్యాయస్థానం భావించినది. ఈ మచ్చను కప్పిపుచ్చుట జీవితచరిత్రకు తగదు.

2022లో ఫార్ములా వన్ కార్లకు అడుగు సొరంగాలు తిరిగి వచ్చినవి. వాటితోపాటు లోటస్ 80 నాటి ఊగిసలాట కూడ తిరిగి వచ్చినది. ప్రకృతి సూత్రం నలభై యేండ్లైనా మారదు గదా!

చాప్‌మన్ మేధాశక్తికి మేము శిరసు వంచుతాము. గాలి బరువు అందరికీ ఉన్నదే. దానిని పట్టుగా మార్చిన ఘనత అతనిది. కాని గాలి యిచ్చేది అప్పు వంటిది. ఎంత వేగంగా ఇస్తుందో అంత వేగంగా తిరిగి తీసుకొంటుంది. ఆ క్షణాన మనిషిని కాపాడవలసినది దృఢమైన కడ్డీ, విరగని ఇరుసు, గట్టి కంచె. రేపు ఇంజనీర్లు కానున్న మన విద్యార్థి మిత్రులు ఒక భాగం బరువు తగ్గించే ముందు దానిపై ఆధారపడిన ప్రాణాన్ని కూడ లెక్కలో వేసుకొనవలెనని మా మనవి.