కేట్ షెపర్డు అమ్మగారు

సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే యెదుటను పెద్దలయెదుటను నిలిచి, తండ్రి ఆస్తిలో తమకు పాలు కావలెనని అడిగిన సంగతి సంఖ్యాకాండములో చదువుచున్నాము. వారు తిరుగబడలేదు, న్యాయము అడిగిరి, అది దొరకెను. ఈ నెల అటువంటి యొక స్త్రీ చరిత్రను మీ ముందుంచుచున్నాను.

కేట్ షెపర్డు ఇంగ్లాండులోని లివర్‌పూలు పట్టణమున పుట్టెను. తండ్రి మరణించిన కొన్ని యేండ్లకు, 1869లో, ఆమె తల్లితోకూడ న్యూజీలాండు దేశమందలి క్రైస్ట్‌చర్చి పట్టణము చేరెను. 1871లో వాల్టరు షెపర్డుగారిని వివాహమాడెను. అక్కడి ట్రినిటీ కాంగ్రిగేషనల్ సంఘములో ఆమె సభ్యురాలు.

ఆ దినములలో త్రాగుడు అనేక కుటుంబములను పాడుచేయుచుండెను. 1885లో స్త్రీల క్రైస్తవ మద్యపాన నిషేధ సమాజము ఏర్పడగా కేట్ అందులో చేరెను. పిల్లలకు మద్యము అమ్మకూడదని స్త్రీలు పార్లమెంటుకు అర్జీ పెట్టుకొనిరి. అర్జీ త్రోసివేయబడెను. ఓటు లేనివారి మాట వినువారెవరు? 1887లో ఆ సమాజము ఓటుహక్కు పనిని ఆమెకు అప్పగించెను.

ఆమె కరపత్రములు వ్రాసెను, సభలు జరిపించెను, సంతకములు కూర్చెను. 1891లో 9,000కు పైగా, 1893లో దాదాపు 32,000 సంతకములు వచ్చెను. ఆ కాగితములను తన యింట ఒకదానికొకటి అంటించి, చీపురుకర్రకు చుట్టి పంపెను. సర్ జాన్ హాలుగారు దానిని శాసనసభలో దొర్లింపగా అది సభ ఆ చివరివరకు పరచుకొనెను. పై సభలో 18 మంది కాదనగా 20 మంది ఔననిరి. 1893 సెప్టెంబరు 19న చట్టము అమలులోనికి వచ్చెను. మావోరీ స్త్రీలకును ఓటు దొరకెను. ఆ నవంబరులో 90,000 మందికి పైగా స్త్రీలు ఓటు వేసిరి.

అయితే ఒక తలుపు ఇంకను మూసియుండెను. స్త్రీ ఓటు వేయవచ్చును గాని పార్లమెంటుకు నిలువకూడదు. కేట్ ఊరకుండలేదు. 1896లో స్త్రీల సంఘముల ప్రతినిధులు క్రైస్ట్‌చర్చిలో కూడి జాతీయ మహిళా మండలిని స్థాపించి, ఆమెను అధ్యక్షురాలిగా ఎన్నుకొనిరి. స్త్రీలు శాసనసభలో కూర్చుండు హక్కు వారి కోరికలలో నొకటి. అయితే కొన్ని యేండ్లకు మండలి పని ఆగిపోయెను. కేట్ ఆరోగ్యము చెడెను. 1910లో ఏకైక కుమారుడు, 1915లో భర్త మరణించిరి. అయినను 1918లో మండలిని తిరిగి లేపుటకు ఆమె చేయి కలిపెను. మరుసటి యేట స్త్రీలు నిలువవచ్చునను చట్టము వచ్చెను. ఆ యెన్నికలలో ముగ్గురు నిలిచిరి, ముగ్గురును ఓడిపోయిరి.

తుదకు 1933లో, క్రైస్ట్‌చర్చి చెంతనున్న లిటిల్‌టన్ నుండి ఎలిజబెత్ మెకూంబ్సుగారు ఉపయెన్నికలో గెలిచి, ఆ పార్లమెంటులో మొదటి స్త్రీ సభ్యురాలాయెను. అంతకు ముందు ఆమెయు రెండుమారులు ఓడినదే. వృద్ధురాలైన కేట్ ఈ వార్త వినుటకు బ్రతికియుండెను. 1934 జూలై 13న ఆమె కన్నుమూసెను.

ప్రియులారా, ఓటునకును ఆ మొదటి గెలుపునకును నడుమ నలువది సంవత్సరములు! ఇశ్రాయేలీయులు అరణ్యములో గడిపిన కాలమంత. మోషే ఆ దేశమును కొండమీదనుండి చూచెను గాని అందులో ప్రవేశింపలేదు. కేట్ కూడ పార్లమెంటులో ఎన్నడును కూర్చుండలేదు. వేరొకతె కూర్చుండుట చూచి సంతోషించెను. మనమొక మంచి పని మొదలుపెట్టి, రెండేండ్లలో ఫలము కనబడనిచో విసుగుచెందుదుము. మన పేరు రానిచో మరింత విసుగుచెందుదుము. మనము అంటించు కాగితము చిన్నదే కావచ్చును. దానిని దాని చోట అంటించి, తరువాతి కాగితము చేతికి తీసికొందము.