అడిగి రాయించుకున్న సంగీతం

స్వీడన్ దేశపు ట్రంపెట్ విద్వాంసుడు హోకన్ హార్డెన్‌బెర్గర్‌కు 2021 అక్టోబరు 27తో అరవై ఏళ్లు నిండాయి. మన లెక్కలో షష్టిపూర్తి. ఆయన ఊదిన ట్రంపెట్ ఏళ్ల తరబడి మా ఇంట్లో మోగుతోంది. ఆ చనువుతోనే ఈ నాలుగు మాటలు.

ట్రంపెట్ అనగానే మనకు పెళ్లి ఊరేగింపు ముందు నడిచే బ్యాండుమేళం గుర్తొస్తుంది. వాద్యం అదే. ఐదడుగులకు కాస్త తక్కువ పొడవున్న ఇత్తడి గొట్టాన్ని చుట్టి, మూడు మీటలు బిగిస్తారు. రెండో మీట నొక్కితే స్వరం అర మెట్టు దిగుతుంది, మొదటిది నొక్కితే ఒక మెట్టు, మూడోది నొక్కితే ఒకటిన్నర. మిగతా భారమంతా పెదవులదీ ఊపిరిదీ.

ఈ మీటలు లేని రోజుల్లో ట్రంపెట్ మధ్యస్థాయిలో స, గ, ప పలికేది. రి, మ పలకడం దాని వల్ల అయ్యేది కాదు. వియన్నాలో ఆంటోన్ వైడింగర్ అనే వాద్యకారుడు గొట్టానికి రంధ్రాలు చేసి, మూతలు అమర్చి ఆ లోటు తీర్చాడు. ఆయన కోసం 1796లో స్వరకర్త హైడన్ ఒక కన్చెర్టో (ఒక వాద్యానికి ఆర్కెస్ట్రా తోడుండే రచన) రాశాడు. అందులో ఒక ముచ్చట ఉంది. మొదట ఆర్కెస్ట్రా వాయిస్తుండగా ట్రంపెట్ మధ్యమధ్య ఒకటి రెండు ముక్కలు ఊది ఊరుకుంటుంది. అవి పాత ట్రంపెట్ కూడా పలికించగలిగినవే. తర్వాత తన వంతు రాగానే స, రి, గ అంటూ మెట్టు మెట్టు ఎక్కుతుంది. ఆ రిషభం విన్న ఆనాటి వియన్నా శ్రోతల మొహాలు ఎలా వెలిగి ఉంటాయో!

హార్డెన్‌బెర్గర్ ఈ కన్చెర్టోను నెవిల్ మారినర్ నిర్వహణలో, అకాడమీ ఆఫ్ సెయింట్ మార్టిన్ ఇన్ ది ఫీల్డ్స్ బృందంతో రికార్డు చేశారు. అప్పటికి పాతికేళ్లవారు. ఆయన ఆ రిషభాన్ని ప్రత్యేకంగా నొక్కరు, సాగదీయరు. షడ్జం నుంచి గాంధారానికి నడుస్తూ దారిలో దాన్ని పలకరించి వెళ్తారు. నాకు ఆయన మీద గురి కుదిరింది అక్కడే.

మాల్మోలో పుట్టి, ఎనిమిదో ఏట అక్కడే బూ నిల్సన్ దగ్గర ట్రంపెట్ పట్టారు. తర్వాత పారిస్ కన్సర్వేటరీలో పియేర్ తిబో దగ్గర, లాస్ ఏంజిలస్‌లో థామస్ స్టీవెన్స్ దగ్గర చదువు. చేయి తిరిగిందనుకునేసరికి అసలు చిక్కు ఎదురైంది: వాయించడానికి ఏముంది? హైడన్, ఆ తర్వాత 1803లో హుమ్మెల్. అంతకు ముందువారిలో కొందరు. బీథోవెన్, షూమన్, బ్రామ్స్, చైకోవ్‌స్కీ ఎవరూ ట్రంపెట్‌కు కన్చెర్టో రాయలేదు. మీటలొచ్చి అన్ని స్వరాలూ పలికే నాటికి పెద్దల చూపు పియానో మీదా వయొలిన్ మీదా ఉండిపోయింది.

ఉన్న నాలుగూ తిప్పి తిప్పి వాయించినా ఆయన కచేరీలకు లోటుండేది కాదు. అలా చేయలేదు. తన కాలపు స్వరకర్తల చేత కొత్తవి రాయించారు. 1987లో బర్ట్‌విసిల్ ‘ఎండ్‌లెస్ పరేడ్’, 1999లో గ్రూబర్ ‘ఏరియల్’, 2005లో టర్నేజ్ ‘ఫ్రమ్ ది రెకేజ్’, ఇంకా ఎన్నో. ‘ఏరియల్’ కోసం ఆయన ట్రంపెట్‌లోకి ఊదుతూనే గొంతుతో పాడాలి, ఒకచోట ఆవు కొమ్ము కూడా ఊదాలి. మన జాతరల్లో కొమ్ము విన్నవాళ్లకు ఆ నాదం కొత్తగా అనిపించదు. టర్నేజ్ రచన ఫ్లూగల్‌హార్న్ మంద్రపు మసకలో మొదలై, ట్రంపెట్ మీదుగా చిన్న పికోలో ట్రంపెట్ దాకా వెలుగులోకి ఎక్కుతుంది. ఒకే మనిషి మూడు వాద్యాలు మార్చాలి, ప్రతిదానికీ పెదవుల బిగువు మారాలి.

వీటన్నిటిలో నాకు ప్రాణమైనది స్వరకర్త తకెమిత్సు ‘పాత్స్’. 1994లో పోలండ్ స్వరకర్త లుతొస్లావ్‌స్కీ పోయినప్పుడు ఆయన స్మృతిలో రాసింది. ఆర్కెస్ట్రా లేదు, తోడు లేదు, ఒక్క ట్రంపెట్. ఒక వాక్యం గొట్టం నోటికి పెట్టే మూత తీసి, మరో వాక్యం ఆ మూత బిగించి. తెరిచిన గొట్టం అడిగితే మూసిన గొట్టం గోడ అవతలి నుంచి బదులిచ్చినట్టుంటుంది. హార్డెన్‌బెర్గర్ వాయిస్తుంటే ఆ రెండు గొంతుల నడుమ నిశ్శబ్దం కూడా శ్రుతిలోనే ఉంటుంది. అయిదారు నిమిషాల రచన. అయిపోయాక వెంటనే మరొకటి పెట్టబుద్ధి కాదు.

ట్రంపెట్ వాద్యకారుడికి అరవై అంటే చిన్న సంగతి కాదు. వయొలిన్‌కు తీగ తెగితే మార్చుకోవచ్చు. ట్రంపెట్‌కు కంపించే తీగ వాయించేవాడి పెదవే. నాలుక కొనతో స్వరాలను విడదీసే పని, మన నాదస్వరం వాళ్ల తుత్తుకారం, రోజూ సాధన చేయకపోతే మొద్దుబారుతుంది. కోవిడ్ వేళ ఊపిరికి భయపడి సభలన్నీ మూతపడిన 2020 తర్వాత, ఆ ఊపిరే పెట్టుబడిగా బతికిన కళాకారుడికి వచ్చిన పుట్టినరోజు అది. అప్పటికీ ఆయన మాల్మో సంగీత విద్యాలయంలో పాఠం చెబుతూ, ఆర్కెస్ట్రాలను నిర్వహిస్తూ, వాయిస్తూనే ఉన్నారు.

 నిండు నూరేళ్లూ ఆయన ఊపిరి సాగాలి. చదువరులు ఈ రాత్రి ముందు హైడన్ వినండి, తర్వాత దీపం తగ్గించి ‘పాత్స్’ వినండి.