నీలం రంగు ఎందుకు లేటయింది?

ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబ్ గుర్తుందా? గచ్చిబౌలి ట్రాఫిక్ దాటుకుని ఆలస్యంగా వచ్చిన రోజే నాకు లవణాల ప్రయోగం పడింది. ఫాస్ఫేట్ లవణాలను నీళ్లలో కలిపి పీహెచ్ పేపర్ ముంచాలి. మోనోసోడియం ఫాస్ఫేట్ నీళ్లకి హైడ్రోజన్ అయాన్ ఇస్తుంది కాబట్టి ఆమ్లం. ట్రైసోడియం ఫాస్ఫేట్ నీళ్ల నుంచే లాక్కుంటుంది కాబట్టి గట్టి క్షారం. నాకు ఒక రీడింగ్ తేడాగా వచ్చింది. దాన్ని కొట్టేసి పక్క బ్యాచ్ రికార్డు చూసి రాసేశాను.

అదే ఫాస్ఫేట్‌తో జీవితం మలుపు తిరిగిన మనిషి యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ పాసవలేదు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఇద్దరు సోదరులను తీసుకెళ్లిపోయింది. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపమొచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు చేతికొచ్చింది చిన్న డిగ్రీ, ఎల్ఎంఎస్.

తర్వాత బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి తయారుచేసి 1925లో ప్రచురించారు. ద్రావణంలో ఆమ్లం, మాలిబ్డేట్, ఇంకో రీఏజెంట్ కలిపితే నీలం రంగొస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువ.

కండరం నుంచి తీసిన ద్రావణానికి మాత్రం ఆ రంగు వెంటనే పూర్తిగా రాలేదు, నెమ్మదిగా చిక్కబడుతూ పోయింది. రీఏజెంట్ పాడైందనుకుని వదిలేయొచ్చు. వాళ్లు వదల్లేదు. ఆ ఫాస్ఫేట్ క్రియాటిన్ అనే పదార్థానికి అతుక్కుని ఉంది, టెస్టులోని ఆమ్లమే దాన్ని కొంచెం కొంచెంగా విడగొడుతోంది. రంగు లేటవడానికి కారణం అదే. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అలా బయటపడింది. కండరం కదలడానికి దాచుకునే శక్తి అది. 1929లో ఏటీపీని కూడా కండరం నుంచి విడదీశారు.

1940లో హార్వర్డ్ వదిలి లెడర్లీ కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. సోదరులను పొట్టనపెట్టుకున్న స్ప్రూకి అది మందు. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో, 53 ఏళ్లకే చనిపోయారు.

ఆయన గురించి చదివాక నా పాత రికార్డు తీసి చూశాను. అన్ని రీడింగులూ కరెక్టే, ఫుల్ మార్కులు. నేను కొట్టేసిన ఆ అంకె మీద ఇంకు గట్టిగా రుద్ది ఉంది, ఎంత చూసినా కనబడలేదు. అది నా తప్పో, ఇంకేమైనానో ఇప్పుడు తెలుసుకునే దారి లేదు.